తెలుగు పత్రికల్లో, రేడియోలో పని నేర్చుకున్న తరాలు

తెలుగు పత్రికల తొలి దశాబ్దాల్లో, ఉద్యోగంలో చేరేముందు శిక్షణ పొందాలన్న ఆలోచన ఎవరికీ లేదు. పత్రిక పెట్టినవారే వ్యాసాలు రాసేవారు, ప్రూఫులు దిద్దేవారు, చందాలూ వసూలు చేసేవారు. పక్కన చేరిన కుర్రవాడు ఆ పనులు చూస్తూ చేయి కలిపేవాడు. 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రికకు 1907లో ముట్నూరి కృష్ణారావు సంపాదకులై, 1945లో కన్నుమూసే దాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. వారపత్రికలో వార్త కంటే అభిప్రాయానికి విలువ ఎక్కువ. అందుకే అక్కడ చేరినవారికి అబ్బింది ప్రధానంగా రచనాశైలి, లోకాన్ని చూసే తీరు. వార్త సేకరించడం, వేళకు అందించడం అనే విద్య అవసరమైంది దినపత్రికలు వచ్చాకనే. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రికను 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రికగా మార్చారు. రోజూ పత్రిక తేవాలంటే రాత్రిళ్లు మేలుకుని పనిచేసే మనుషులు కావాలి. సంపాదకుడి ఇంటి వాతావరణం పోయి ఆఫీసు వాతావరణం వచ్చింది.

ఆ ఆఫీసులో కొత్తవారు తరచు కూర్చునే చోటు ప్రూఫుల బల్ల. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్ కేసులోంచి ఒక్కొక్క అక్షరం ఏరి స్టిక్కులో పేర్చేవాడు. గుణింతాలు, వత్తులు కలిసి తెలుగు కేసులో గళ్లు వందల్లో ఉండేవి. ఒత్తు మారినా, దీర్ఘం జారినా అర్థం తలకిందులయ్యేది. గాలీ ప్రూఫు మీద ఒకరు దిద్దుతుంటే మరొకరు అసలు ప్రతిని పైకి చదివేవారు. ఈ చదివే పని పైకి చిన్నదిగా కనిపించినా, కొత్తవారికి వేరే పాఠశాల అక్కర్లేనంత నేర్పింది. పెద్దలు రాసిన వాక్యం ఎలా నడుస్తుందో, ఎక్కడ కుంటుతుందో చెవికి తెలిసేది. ఏ పేరు ఎలా రాయాలో, ఏ మాట ఆ పత్రిక వాడదో రాత్రికి రాత్రి ఒంటబట్టేది. ఫోర్‌మన్ పేజీ కట్టేటప్పుడు నాలుగు పంక్తులు ఎక్కువైతే ఏవి తీసేయాలో నిలబడి చెప్పవలసి వచ్చేది. క్లుప్తతను ఇంతకంటే గట్టిగా బోధించిన గురువు లేడు.

తర్వాతి మెట్టు అనువాదం. దేశవిదేశాల వార్తలు రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా నుంచి, స్వాతంత్ర్యం తర్వాత పీటీఐ నుంచి, 1961 నుంచి యూఎన్ఐ నుంచి, ఇంగ్లీషులోనే వచ్చేవి. సబ్ ఎడిటర్ ఉద్యోగానికి వచ్చినవారి ముందు టెలిప్రింటర్ కాగితం ఒకటి పెట్టి తెలుగు చేయమనడమే పరీక్ష. ఈ ఒక్క అలవాటు తెలుగు వార్తారంగం రూపురేఖలను చాలాకాలం నిర్ణయించింది. ఇంగ్లీషు చదువు అందినవారికే డెస్కు తలుపు తెరుచుకుంది. ఆ చదువు అప్పట్లో ఏ కులాలకు, ఏ జిల్లాలకు, స్త్రీ పురుషుల్లో ఎవరికి అందిందో అందరికీ తెలిసిందే. మరో సంగతి: కొత్తవారు ముందుగా నేర్చింది తర్జుమా. వీధిలోకి వెళ్లి మనుషులను అడిగి వార్త రాబట్టడం ఆ తర్వాతి పాఠమైంది, కొందరికి ఆ పాఠం అందనే లేదు.

ఈ అనువాద విద్యను వాడుకభాష వైపు నడిపించినవారిలో నార్ల వెంకటేశ్వరరావుది పెద్ద పాత్ర. స్వరాజ్య, జనవాణి, ప్రజామిత్ర పత్రికల్లో పని నేర్చుకుని ఆయన ఆంధ్రప్రభకు వచ్చారు. జనవాణి తాపీ ధర్మారావు సంపాదకత్వంలో వాడుకభాషకు పీట వేసిన పత్రిక. అక్కడి అనుభవం నార్ల వెంట వచ్చింది. 1938లో మద్రాసులో రామనాథ్ గోయెంకా స్థాపించిన ఆంధ్రప్రభకు ఆయన 1942లో సంపాదకులయ్యారు. 1959 వరకు ఆ పత్రికలోనూ, 1960 నుంచి విజయవాడ ఆంధ్రజ్యోతిలోనూ ఆయన దగ్గర పనిచేసినవారు చిన్న వాక్యం, తెలిసిన మాట, సూటి శీర్షిక అనే మూడింటినీ పట్టుబట్టి నేర్చుకున్నారు. శ్రీశ్రీ కూడా కొంతకాలం ఆంధ్రప్రభలో సబ్ ఎడిటర్‌గా పనిచేశారు. ఆ తరంలో డెస్కు మీద కూర్చోని రచయితను వెతకడం కష్టమే.

హైదరాబాద్ సంస్థానంలో పరిస్థితి వేరు. పాలన ఉర్దూలో, పెద్ద చదువులు ఉర్దూలో ఉన్న చోట తెలుగులో రాసేవారికి పత్రికే బడి అయింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రిక ఊళ్లలోని యువకుల ఉత్తరాలను, వార్తలను దిద్ది అచ్చువేసింది. ఉత్తరం రాసినవాడు మెల్లగా విలేకరి అయ్యేవాడు. 1934లో 354 మంది కవులతో ఆయన వెలువరించిన గోలకొండ కవుల సంచిక ఈ పనికి కొనసాగింపే. 1940లలో ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు మూడు భాషల్లో వచ్చిన మీజాన్ తెలుగు విభాగానికి అడివి బాపిరాజు సంపాదకులు. తిరుమల రామచంద్ర, రాంభట్ల కృష్ణమూర్తి వంటివారు ఆయన దగ్గర పనిచేశారు. విజయవాడలో 1952లో దినపత్రికగా మొదలైన విశాలాంధ్ర పార్టీ పత్రికే అయినా, జీతం తక్కువైనా పని నేర్పుతుందన్న పేరు తెచ్చుకుంది. ఇతర పత్రికల డెస్కుల్లోకి తర్వాతి రోజుల్లో అక్కడివారు చాలామంది వెళ్లారు.

రేడియో వచ్చేసరికి ఈ విద్య అంతా మరోలా నేర్చుకోవలసి వచ్చింది. మద్రాసులో 1924లోనే ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు చేసింది. డబ్బులేక అది మూతపడ్డాక నగర కార్పొరేషన్ ఆ పనిని అందుకుంది. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. తమిళం, తెలుగు రెండూ అక్కడి నుంచే వినిపించేవి. హైదరాబాద్‌లో తంతి తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ 1933లో చిన్న ప్రసార కేంద్రం నెలకొల్పారు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని దక్కన్ రేడియోగా నడిపింది. ఉర్దూదే పైచేయి అయినా తెలుగుకూ కొంత సమయం దక్కింది. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో చేరింది. అంతకు ముందే, 1948 డిసెంబర్ 1న, విజయవాడ కేంద్రం మొదలైంది.

ఈ కేంద్రాలకు వచ్చిన తొలితరంలో రేడియో మనిషి అన్నవాడే లేడు. కవులు, కథకులు, నాటకాల వాళ్లు, సంగీత విద్వాంసులు వచ్చి చేరారు. బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో మద్రాసు కేంద్రంలో చేరి పాట రాయడం, బాణీ కట్టడం, పాడించడం ఒకే చేతిమీదుగా సాగించారు. బుచ్చిబాబు 1945 నుంచి కడదాకా రేడియో ఉద్యోగే. దాశరథి హైదరాబాద్ కేంద్రంలో ప్రాంప్టర్‌గా పనిచేశారు. స్త్రీ పాత్రలతో రంగస్థలాన్ని ఏలిన స్థానం నరసింహారావు అదే కేంద్రంలో నాటకాల పని చూశారు. వీరంతా తమకు వచ్చిన విద్యలో కొంత వదులుకుని కొత్తది నేర్చారు. మైకులేని రోజుల్లో చివరి వరుసకు వినిపించేలా గొంతెత్తిన నటుడు, ఇప్పుడు జానెడు దూరంలో ఉన్న మైకు ముందు ఊపిరి చప్పుడు కూడా వినపడకుండా మాట్లాడాలి. కాగితం మీద అందంగా కనిపించే సమాసం చెవికి ముద్దగా తగులుతుంది. శ్రోత వెనక్కి తిప్పి మళ్లీ వినలేడు, కాబట్టి కర్త ఎవరో వాక్యం మొదట్లోనే తెలియాలి. అంకె వచ్చేచోట కాస్త ఆగాలి. పత్రికల్లో వాడుకభాష కోసం దశాబ్దాలు వాదించవలసి వస్తే, రేడియోలో మైకే ఆ వాదాన్ని చాలావరకు ముగించింది.

మొదట్లో అంతా ప్రత్యక్ష ప్రసారం. నాటకమైనా, ప్రసంగమైనా ఎర్రదీపం వెలిగితే తప్పు దిద్దుకునే వీలులేదు. అందుకే రిహార్సళ్లు ఎక్కువగా ఉండేవి. కొత్తగా చేరినవారు ముందు తలుపు చప్పుళ్లు, అడుగుల చప్పుళ్లు చేసి, తర్వాత చిన్న పాత్రలు వేసి, ఆ తర్వాతే పెద్ద మైకు దగ్గరికి వెళ్లేవారు. టేపు వచ్చాక తప్పు దిద్దుకునే వీలు కలిగింది, దానితోపాటు కొత్త చేతిపని వచ్చింది. స్పూలు మీద మాట ఎక్కడ మొదలవుతుందో చెవితో పట్టుకుని, పసుపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతుకు టేపుతో కలపాలి. దగ్గు తీసేయడం సులువు, వక్త ఊపిరి తీసేస్తే మాట అసహజంగా వినిపిస్తుంది. ఎంత కోయాలో ఏ పుస్తకం చెప్పలేదు. పక్కన కూర్చున్న ఇంజినీరింగ్ అసిస్టెంటో, పాత ప్రొడ్యూసరో చెప్పాలి.

పత్రికల కంటే రేడియో ఒక విషయంలో ఎంతో ముందుంది. దానికి స్త్రీల గొంతు తప్పనిసరి. డెస్కుల్లో ఆడవాళ్లు దాదాపు లేని కాలంలోనే స్టూడియోలో అనౌన్సర్లుగా, నటులుగా, ప్రొడ్యూసర్లుగా స్త్రీలు పని నేర్చి నిలిచారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా మద్రాసులో పిల్లల కార్యక్రమాలకు ఒరవడి పెట్టి, తర్వాత హైదరాబాద్‌లో బాలానందాన్ని నడిపారు. ఆ మైకు ముందు పద్యం చెప్పిన పిల్లలు ఎందరో పెద్దయ్యాక గాయకులుగా, నటులుగా, ప్రయోక్తలుగా వచ్చారు. ఏ నియామకపత్రమూ లేకుండా సాగిన ఈ బాల్యశిక్షణకు తెలుగు ప్రసార చరిత్రలో ఇవ్వవలసినంత స్థానం ఇంకా ఇవ్వలేదు. హైదరాబాద్‌లో ఆ తర్వాత పిల్లల కార్యక్రమాలను తురగా జానకీరాణి చేపట్టారు. శారదా శ్రీనివాసన్ గొంతు రేడియో నాటకానికి ఒక కొలమానమై కూర్చుంది. విజయవాడలో ఉషశ్రీ రామాయణ భారత ప్రవచనాలు విని మాట విరుపు నేర్చుకున్న యువకులు ఇంటింటా ఉండేవారు.

వార్తల విభాగం తీరు వేరు. ఢిల్లీలోని న్యూస్ రూమ్ ఇంగ్లీషులో తయారుచేసిన అంశాలను భాషా విభాగాలు అప్పటికప్పుడు అనువదించి చదవాలి. ఉద్యోగం పేరే న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్. నటుడు కొంగర జగ్గయ్య సినిమాల్లో స్థిరపడకముందు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివారు. బులెటిన్‌కు పది నిమిషాల ముందు కూడా కొత్త కాగితం వచ్చేది. చేతిరాతలో ఉన్న అనువాదాన్ని తడబడకుండా చదవడం, సమయం మించిపోతుంటే ఏ అంశం వదిలేయాలో చదువుతూనే తేల్చుకోవడం కొత్తవారికి సీనియర్ల పక్కన కూర్చుంటేనే పట్టుబడేది. రాష్ట్రంలో ప్రాంతీయ వార్తా విభాగాలు వచ్చాక జిల్లాల్లో పార్ట్‌టైమ్ కరస్పాండెంట్లను పెట్టారు. వారు ఫోన్‌లో చెప్పిన నాలుగు ముక్కలను రాసుకుని వాక్యాలుగా మలచడం డెస్కులో చేరినవారి తొలి అభ్యాసాల్లో ఒకటి.

యువతను నేరుగా మైకు దగ్గరికి తెచ్చిన పథకం యువవాణి. 1969లో ఢిల్లీలో మొదలై ఇతర కేంద్రాలకు పాకింది. కాలేజీ విద్యార్థులే రాసి, చదివి, ఇంటర్వ్యూలు చేసేవారు. వారిలో కొందరు క్యాజువల్ అనౌన్సర్లయ్యారు. రాతపరీక్ష, గొంతు పరీక్ష, కొద్దిరోజుల తర్ఫీదు, ఆ తర్వాత డ్యూటీ చార్టులో పేరు. నెలకు మహా అయితే ఆరు డ్యూటీలు, డ్యూటీకి ఇంత అని రుసుము. తెల్లవారుజామున ప్రసారం మొదలుపెట్టేది, రాత్రి ముగించేది తరచు వీరే. స్టేషన్ తెరిచి, సంకేత సంగీతం వేసి, క్యూ షీటు చూసుకుంటూ సెకన్లు లెక్కపెట్టుకునే బాధ్యత అనుభవం లేని భుజాల మీద పడేది. బాధ్యత పూర్తిగా ఇచ్చి, ఉద్యోగ భద్రత మాత్రం ఏళ్లతరబడి ఇవ్వకపోవడం ఈ పద్ధతిలోని అన్యాయం. పర్మనెంట్ చేయాలని దేశమంతటా క్యాజువల్ ఉద్యోగులు ట్రిబ్యునళ్లకు వెళ్లవలసి వచ్చింది.

తెలుగునాట విశ్వవిద్యాలయంలో జర్నలిజం అడుగుపెట్టింది 1954లో, ఉస్మానియాలో. తొలిరోజుల్లో సాయంత్రం తరగతులు కావడంతో పగలు పత్రికాఫీసుల్లో పనిచేసేవారే చాలామంది విద్యార్థులు. బడిలో చెప్పిన సూత్రం ఆ రాత్రే డెస్కు మీద పరీక్షకు వచ్చేది. ఈ జోడింపు తర్వాతి పూర్తికాలపు కోర్సుల్లో సడలిపోయింది. సడలిన ఆ లంకెను మళ్లీ కలపడానికే నెలరోజుల ఇంటర్న్‌షిప్‌ను పాఠ్యప్రణాళికలో చేర్చవలసి వచ్చింది. 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చి పనిగంటలు, సెలవులు, వేతన బోర్డు కల్పించింది. అయితే జర్నలిజమే ప్రధాన వృత్తి అయినవారికే ఆ రక్షణ. ఈ షరతు ఎంతమందిని బయట నిలబెట్టిందో తెలిసింది మూడు దశాబ్దాల తర్వాత.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. అప్పటిదాకా తెలుగు దినపత్రికలు మద్రాసు, విజయవాడ, హైదరాబాద్‌ల నుంచి రైళ్లలో, బస్సుల్లో ఊళ్లకు చేరేవి. మారుమూలకు చేరేసరికి మధ్యాహ్నం దాటేది. తెల్లవారకముందే పత్రిక, అందులో ఆ ఊరి వార్త అన్నది ఈనాడు స్థాపకుడు రామోజీరావు పట్టుకున్న సూత్రం. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలయ్యాయి, మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. రోజూ జిల్లాకు కొన్ని పేజీలు నింపాలంటే మండలానికొక మనిషి కావాలి. అలా పుట్టింది కంట్రిబ్యూటర్ల వ్యవస్థ. బడిపంతులు, వకీలు, మెడికల్ షాపు యజమాని, డిగ్రీ చదివి ఊళ్లో ఉండిపోయిన యువకుడు విలేకరులయ్యారు. వార్తల కవరు సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికిచ్చి, అవతల ఆఫీసు మనిషి అందుకునేదాకా కంగారుపడేవారు. అచ్చయిన వార్తను కొలిచి ఇంత అని లెక్కకట్టేవారు. ఆ డబ్బు ప్రయాణ ఖర్చులకూ చాలేది కాదు. ప్రధాన వృత్తి వేరే ఉందన్న కారణంగా 1955 చట్టం వీరిని తాకలేదు. ప్రకటనలు సేకరించే పని కూడా చాలాచోట్ల వీరి మీదే పడడంతో, ప్రకటన ఇచ్చినవారి గురించి నిర్మొహమాటంగా రాయడం ఎలాగన్న చిక్కు తొలిరోజునుంచే ఎదురైంది.

ఇంత నష్టంలోనూ జరిగిన మేలు గొప్పది. వార్తను చూసి వచ్చి రాసేవారు తెలుగు జర్నలిజంలో ఇంత పెద్ద సంఖ్యలో ఎన్నడూ లేరు. తాగునీటి ట్యాంకు, పాముకాటు మందు లేని ఆసుపత్రి, పంతులు రాని బడి అచ్చులోకి వచ్చాయి. ఇంగ్లీషు రాకపోయినా విలేకరి కావచ్చని తేలింది. దానితో వెనుకబడిన కులాల, దళిత కుటుంబాల యువకులు ఈ రంగంలోకి గణనీయంగా రాగలిగారు. వీరి రాతను దిద్దడానికి డెస్కులో శిక్షణ పొందినవారు కావలసి వచ్చారు. పత్రికలు సొంతంగా బడులు పెట్టుకోవడానికి అదే కారణం. 1990లలో ఈనాడు జర్నలిజం స్కూల్ ప్రిన్సిపాల్‌గా భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ పనిచేశారు. ప్రవేశపరీక్షలో అనువాదం, లోకజ్ఞానం. చేరినవారికి భృతి, కోర్సు పూర్తయ్యాక కొంతకాలం అదే సంస్థలో పని. కోస్తా మాట, రాయలసీమ మాట, తెలంగాణ మాట ఒకే పేజీలో ఎలా ఇమడాలన్నది తరగతి గదిలో చర్చకు వచ్చింది. తరగతి గదిలో ఖాయమైన ప్రమాణభాషలో తెలంగాణ మాటకు తగిన చోటు దొరకలేదన్న విమర్శ చాలాకాలం వినిపించింది, అందులో నిజముంది. తర్వాత ఇతర దినపత్రికలూ తమ బడులు తెరిచాయి. శిక్షణ సంస్థ చేతిలోకి రావడంతో నాణ్యత పెరిగింది. అయితే విద్యార్థి ఒక పత్రిక శైలినే వృత్తిధర్మంగా నేర్చుకునే ప్రమాదమూ వచ్చింది.

రేడియో కూడా అదే కాలంలో జిల్లాలకు దిగింది. ఆకాశవాణి స్థానిక కేంద్రాల పథకం 1984లో నాగర్‌కోయిల్‌తో మొదలైతే, ఆదిలాబాద్ కేంద్రం 1986లో వచ్చింది. తర్వాత కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్, అనంతపురం వంటి చోట్ల స్టేషన్లు వెలిశాయి. ఆదిలాబాద్ నుంచి గోండి కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. పెద్ద కేంద్రాల ఆడిషన్లలో యాస కారణంగా వెనక్కి వెళ్లిన గొంతులు ఇక్కడ మైకు దగ్గరికి చేరాయి. టేప్ రికార్డర్ భుజాన వేసుకుని సంతకో, పొలానికో వెళ్లి మాటలు పట్టుకొచ్చే పని యువ క్యాజువల్ ఉద్యోగులదే. రైతు తడబడినా ఆపకుండా, అతను ఊపిరి తీసుకునేదాకా ఎదురుచూసి రెండో ప్రశ్న వేయడం వారు పొలంగట్ల మీదే నేర్చారు.

ఇంకో అడుగు ముందుకు పడింది జహీరాబాద్ ప్రాంతంలో. ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకునేందుకు ప్రభుత్వం 2006లో అనుమతించింది. ఆ అనుమతికి ఏళ్ల ముందునుంచే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పనిచేసే దళిత మహిళలు మాచ్‌నూర్‌లో కార్యక్రమాలు రికార్డు చేసి సిద్ధంగా ఉంచుకున్నారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం మొదలుపెట్టింది. పేదరైతు కుటుంబాల నుంచి వచ్చిన నర్సమ్మ అనే ఒకే పేరున్న ఇద్దరు మహిళలు మిక్సర్ ముందు కూర్చుని, చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి, మందు మొక్కల గురించి తమ మాటలోనే చెప్పించారు. కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు ఫేడర్ జరపడం నేర్పింది కూడా వారే. పొలం పనులు ముగిసే వేళకు, రాత్రిపూట, ప్రసారం. పని నేర్పే అధికారం నగరంలోని చదువుకున్నవారి చేతుల్లోంచి ఊరివారి చేతుల్లోకి వెళ్లిన సందర్భం తెలుగు ప్రసార చరిత్రలో ఇంతకంటే స్పష్టంగా మరొకటి కనిపించదు. విశ్వవిద్యాలయాలు, కళాశాలలు కూడా క్యాంపస్ రేడియోలు పెట్టాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని బోల్ హైదరాబాద్ అటువంటిదే.

2006లో హైదరాబాద్‌కు వచ్చిన ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు ఆర్జే (రేడియో జాకీ) అనే కొత్త కొలువును తెచ్చాయి. ఇంటర్న్ అన్న మాట విద్యార్థుల నోట విరివిగా వినపడింది అప్పటినుంచే. ఆర్జే పక్కన కూర్చుని శ్రోతల ఫోన్లు అందుకోవడం, ప్రోమోకు రెండు పంక్తులు రాయడం, కంప్యూటర్‌లో మాట కోసి అతకడం ఇక్కడి పని. వార్తా చానెళ్లలో, వెబ్ వార్తా సంస్థల్లో ఇంటర్న్‌కు ఏజెన్సీ కాపీ తర్జుమా మళ్లీ తొలి పాఠమైంది, దానితోపాటు ఫోన్‌లో వీడియో తీసి అక్కడికక్కడే పంపడం చేరింది. భృతి ఇచ్చేవి కొన్ని, సర్టిఫికెట్‌తో సరిపెట్టేవి మరెన్నో. తిండి, గది అద్దె సొంతంగా భరించగలిగినవారే హైదరాబాద్‌లో ఉచితంగా పనిచేయగలరు. కంట్రిబ్యూటర్ల వ్యవస్థ తెరిచిన తలుపును ఉచిత ఇంటర్న్‌షిప్ కొంతవరకు మూసేసిందనే చెప్పాలి.

ఎఫ్ఎంలో పనిచేసే కొత్తవారికి మరో పరిమితి ఉంది. ప్రైవేటు ఎఫ్ఎం, కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు. 2011లో వచ్చిన మూడో దశ విధానం ఆకాశవాణి బులెటిన్లను మార్పు లేకుండా ప్రసారం చేసుకోవడానికి ప్రైవేటు ఎఫ్ఎంలకు వీలిచ్చింది. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, కాలేజీ ప్రవేశాలు, కరెంటు నీటి సరఫరా ప్రకటనలను వార్తల లెక్కలోంచి తప్పించింది. ఫలానా వీధిలో నీళ్లు రావని ఎఫ్ఎం ఇంటర్న్ చెప్పవచ్చు, ఎందుకు రావడం లేదో అధికారిని అడిగి ఆ కథనాన్ని ప్రసారం చేయడానికి వీల్లేదు. ఆ ప్రశ్న అడగడం నేర్చుకోవాలంటే పత్రికలోనో, టీవీ చానెల్‌లోనో, ఆకాశవాణి ప్రాంతీయ వార్తా విభాగంలోనో చేరాలి.